మడి దీపం

బరంపురం గేట్ బజారు వెనక సందులో బాలాంబ గారి వంటింట్లో కరెంటు దీపం పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. ఆ సంగతి సందులో అందరికీ తెలుసు. ఎందుకు వెలుగుతుందో కూడా తెలుసు. తెలియనిదల్లా దీపం పెట్టిన కంపెనీ వాళ్ళకే.

బాలాంబ గారిది పూటకూళ్ళ ఇల్లు. కాలేజీ కుర్రాళ్ళూ, కోర్టు గుమాస్తాలూ, ఛత్రపురం నుంచి పనిమీద వచ్చి చిక్కుకుపోయిన వాళ్ళూ రెండు పూటలా అక్కడే తింటారు. ఆవిడ తెల్లవారకముందే నూతి దగ్గర నాలుగు చేదలు నెత్తిన గుమ్మరించుకుని, తడిచీరతోనే వచ్చి పొయ్యి రాజేస్తుంది. ఆఖరి విస్తరి లేచేదాకా మడి విడవదు. కార్తీకంలో కంపెనీ వాళ్ళు వంటింట్లో బల్బు వేలాడదీసి, గోడకి ఇత్తడి మూత ఉన్న మీట బిగించి, దీపం వెలిగించి వెళ్ళారు. మర్నాడు పొద్దున్న ఆవిడ దాన్ని ఆర్పడానికి తడిచేత్తో ఆ మీట నొక్కబోయింది. చెయ్యి జివ్వుమని మోచేతిదాకా లాగేసింది. "అమ్మో, ఇది కరుస్తుంది!" అని మళ్ళీ దాని జోలికి పోలేదు. అసలు ఎవరెవరి చేతులు పడ్డాయో తెలియని ఆ ముక్క మడిలో ముట్టుకునేదీ కాదు. అంట్లు తోమే కూర్మమ్మకి వంటింటి గడప దాటే వీల్లేదు. కాబట్టి దీపం అలా వెలుగుతూనే ఉంది.

మార్గశిరంలో ఆ సందు దీపాలన్నీ సాయంత్రమయ్యేసరికి మసగ్గా వెలగడం మొదలుపెట్టాయి. చివర మేడలో ఉండే బట్టల షావుకారు కంపెనీ మీద విరుచుకుపడ్డాడు. ఎవరో కరెంటు దొంగిలిస్తున్నారని కంపెనీ మేనేజరు సోమేశ్వరరావు తేల్చేశాడు. సందులో ఇళ్ళకి మీటర్లు లేవు. ఇంటికొక దీపం, దీపం నలభై వాట్లు, అదీ ఒడంబడిక. అంతకంటే పెద్ద బల్బు ఎవరు పెట్టుకున్నా అది దొంగతనమే. మేనేజరు తన మనిషి పైడన్నని వెంటబెట్టుకుని ఒక మధ్యాహ్నం సందంతా తిరిగాడు. పట్టపగలు దీపం వెలుగుతున్న కొంప ఒక్కటే కనిపించింది.

లోపల భోజనాల వేళ. పంక్తి చివర కాలేజీలో సైన్సు చెప్పే వేణుగోపాలరావు పప్పు కలుపుకుంటున్నాడు. వేణుగోపాలరావు మద్రాసులో ఫిజిక్సుతో బి.ఏ. ప్యాసై ఆ ఏడే వచ్చిన డిమాన్‌స్ట్రేటరు, ఉద్యోగం ఇంకా తాత్కాలికమే. తిండి విషయంలో మాత్రం అతనికి ఆ ఇంట్లో స్థిరమైన చోటే ఉంది. బాలాంబ గారికి అతనంటే ఒక పిసరు ఎక్కువ అభిమానం. గోంగూర వేసిన రోజున అతని విస్తట్లో రెండోసారి వెయ్యకుండా గిన్నె లోపలికి తీసుకెళ్ళదు.

"ఏవమ్మా, మిట్టమధ్యాహ్నం ఈ దీపారాధన దేనికి?" అన్నాడు మేనేజరు గుమ్మంలో నిలబడి.

"పెట్టింది మీరే కదా నాయనా. వెలిగించి పోయారు గానీ, ముట్టుకోకుండా ఆర్పే ఉపాయం చెప్పారేటి?" అంది బాలాంబ చారు గరిటె పట్టుకుని.

పంక్తిలో నవ్వులు లేచాయి. మేనేజరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. బొంబాయి నుంచి దొంగ బల్బులు వస్తున్నాయనీ, వాటిమీద నలభై అని ఉన్నా లోపల తినేది వేరనీ, ఈ బల్బుని పరీక్ష చెయ్యాలనీ గట్టిగా అన్నాడు.

"పరీక్షకేం, చేసుకోండి. కానీ మీ మనిషి నా వంటింట్లో అడుగు పెట్టకూడదు" అంది ఆవిడ.

అప్పుడు ఎవరూ అడగకుండానే వేణుగోపాలరావు తలెత్తాడు. "అదెంతసేపు పని? నేను విప్పుతాను. కాలేజీలో పరీక్ష చేసి ఎన్ని వాట్లో రాసిస్తాను. ఇటు పిన్నిగారికీ పేచీ ఉండదు, అటు మీకూ ఉండదు."

ముప్ఫైమంది ఎదట ఆ మాట అన్నందుకు అతనికి లోపల చాలా సంతోషంగా ఉంది. దాచుకుందామన్నా దాగలేదు.

చెయ్యి కడుక్కుని, నూతి దగ్గర స్నానం చేసి, తడితువ్వాలు చుట్టుకుని వంటింటి గడపమీద అడుగు వెయ్యబోయాడు. బాలాంబ గారు కెవ్వుమంది.

"ఆగు, ఆగు! తడిబట్టతో దాన్ని ముట్టుకుంటావేటిరా? చస్తావు!"

ఆవిడ గదిలోకి వెళ్ళి చందనపు పెట్టె తెరిచి, మడతల దగ్గర కాస్త పసుపు పట్టిన పట్టుపంచె ఒకటి తెచ్చి దూరంనుంచి అతని చేతుల్లో వేసింది. బరంపురం పట్టు. అంచుకి గోపురాల్లాంటి కుంభాలు. కాలం చేసిన ఆవిడ భర్త పూజలో కట్టుకునేది.

"ఇది మడికీ పనికొస్తుంది, పొడిగానూ ఉంది. కట్టుకో" అంది.

అతను పంచె బిగించి, మీట నొక్కి దీపం ఆర్పి, పీట మీద నిలబడి బల్బు పట్టుకున్నాడు. వేళ్ళు చురుక్కుమన్నాయి. నెలన్నర నుంచి ఆరకుండా వెలుగుతున్న బల్బది. ఆవిడ పొయ్యి దగ్గర మసిగుడ్డ తీసి అందించింది. "దీంతో పట్టుకో. కాస్త చల్లారాక పట్టికెళ్ళు, తొందరేం ఉంది?" అంది. అతను బల్బుని మసిగుడ్డలో పెట్టి, పంచె విప్పి తన బట్టలు కట్టుకుని, బాగా చల్లారాక జాగ్రత్తగా చుట్టి కాలేజీకి తీసుకెళ్ళాడు.

*

కాలేజీ లాబరేటరీలో కరెంటు లైను లేదు. ప్రయోగాలన్నీ గాజు సీసాల్లో సెల్లులతోనే. వేణుగోపాలరావు ఒక సెల్లు తీసుకున్నాడు. దానికి బల్బు కలిపాడు. ఒక మీటరు వోల్టులు చూపించింది, ఇంకోటి ఆంపియర్లు. ముల్లు కుదురుకునేదాకా ఊపిరి బిగబట్టి, కన్ను ముల్లుకి సరిగ్గా ఎదురుగా పెట్టి చూశాడు. ఒక వోల్టు. ఆంపియరులో నూరో వంతు. మళ్ళీ చూశాడు, మార్పు లేదు. నాలుగోసారి కూడా చూశాడు. పనిలో అతనికి ఎవరూ వంక పెట్టలేరు.

వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే తీగ కరెంటుకి ఎంత అడ్డుపడుతుందో తెలుస్తుంది. అదే రెసిస్టెన్సు. వంద ఓములు వచ్చింది. ఇక వీధిలో వచ్చే కరెంటు రెండువందల ఇరవై వోల్టులు. దాన్ని వందతో భాగిస్తే రెండు పాయింటు రెండు ఆంపియర్లు. వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే ఈ బల్బు తినే వాట్లు. నాలుగువందల ఎనభై నాలుగు.

అతను కాగితం మీద పెన్సిలు ఆపి ఆ అంకె కేసి చూస్తూ కూచున్నాడు. నలభై అని రాసి ఉన్న బల్బు! పన్నెండు దీపాల మేత ఒక్కటే మేస్తోంది. పిన్నిగారికి పాపం తెలిసి ఉండదు, బజార్లో ఎవడో అంటగట్టి ఉంటాడు అనుకున్నాడు. ఆవిడ ఎప్పుడూ బజార్లో బల్బు కొనలేదన్న మాట ఆ క్షణంలో గుర్తుకి రాలేదు. అంకె అంత ముచ్చటగా కుదిరింది మరి.

ప్రిన్సిపాలు గారు ఆ కాగితం చూసి ఎంతో ముచ్చటపడ్డారు. టైపు చేయించి సంతకం పెట్టి, కాలేజీ సీలు వేయించి కంపెనీకి పంపారు. ఊరికి సైన్సు ఇలా ఉపయోగపడాలి అన్నారు. ఏప్రిల్లో ఉద్యోగం స్థిరం చేసే విషయం కూడా తనంతట తనే ఎత్తారు.

ఆ సాయంత్రం పంక్తిలో కోర్టు గుమాస్తా జానకీరామయ్య అడిగాడు, "ఏం మేష్టారూ, బల్బు సంగతి ఏటి తేలింది?"

వేణుగోపాలరావు గొంతు సవరించుకుని లెక్కంతా చెప్పాడు. చివర అంకె చెప్పేసరికి తింటున్న చేతులు ఆగిపోయాయి.

"అంత తింటే అంత వెలుగూ ఉండాలి కదండీ? మామూలు దీపంలాగే కనిపించేది మరి" అన్నాడు జానకీరామయ్య.

"వెలుగే కానక్కర్లేదు. వేడి రూపంలో పోతుంది. ముట్టుకుంటే నా వేళ్ళే కాలాయి" అన్నాడు వేణుగోపాలరావు.

బాలాంబ గారు కూర గిన్నె పట్టుకుని అతని విస్తరి ముందు నిలబడి ఉంది. వంటింట్లో ఆముదపు దీపం వెలుగుతోంది.

"అంటే నేను దొంగతనం చేశానంటావా అబ్బాయ్?"

"అబ్బే, నేననలేదు పిన్నీ. లెక్క అంటోంది."

ఆవిడ కూర వడ్డించి పక్క విస్తరికి వెళ్ళిపోయింది.

*

మర్నాడు పైడన్న వచ్చి నిచ్చెన వేసుకుని వీధిలో తీగ తెంపేశాడు. వెంట వచ్చిన మేనేజరు అరుగు మీద నిలబడి నలుగురూ వినేలా చెప్పాడు. శుక్రవారంలోగా తప్పు ఒప్పుకుంటూ క్షమాపణ కాగితం మీద వేలిముద్ర వేస్తే కంపెనీ దయతల్చి వదిలేస్తుంది. లేదా పోలీసు కేసు, కోర్టు. ఆడమనిషి అని చూస్తున్నాం, ఈ అవకాశం వాడుకోండి అన్నాడు.

"వేలిముద్రా? నాకు సంతకం వచ్చును. కానీ పెట్టను" అంది బాలాంబ గారు గుమ్మం వెనకనుంచి.

"అయితే బోనెక్కుతారా?"

"ఎక్కుతాను. అక్కడైనా నేను తియ్యలేదనే చెబుతాను."

మాట తొణక్కుండా అందిగానీ, లోపలికి వచ్చి గుంజ పట్టుకుని కాసేపు నిలబడిపోయింది. ఆ ఇంట్లోంచి ఆడవాళ్ళెవరూ ఏనాడూ కోర్టు మెట్లెక్కలేదు. ఇవాళ పోలీసు జవాను వచ్చి గుమ్మంలో నిలబడితే, రేపు ఏ తండ్రి తన కొడుకుని ఆ ఇంటికి తిండికి పంపుతాడు? ఇల్లంటే ఆవిడకి ఆ పంక్తే. పంక్తి పోతే ఆవిడకి బరంపురంలో ఏమీ లేదు.

కరెంటు దొంగతనమంటే ఏమిటో సందులో ఎవరికీ సరిగ్గా తెలియదు. తెలియనందువల్లే అది మరీ పెద్ద దొంగతనంలా వినిపించింది. ఎవరో రెండు తీగలు పాతరలో దాచిందిట అన్నారు. ఇంకెవరో షావుకారు మేడలో వెలుతురంతా గోడలోంచి లాక్కుందిట అన్నారు. కాలేజీ కుర్రాళ్ళు కొందరు ఇంకో ఇంట్లో తిండికి కుదురుకున్నారు. పంక్తి సగానికి తగ్గింది.

కూర్మమ్మ మాత్రం నూతి దగ్గర గుండిగ తోముతూ వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ కడిగేస్తోంది. వేణుగోపాలరావు కాళ్ళు కడుక్కోవడానికి వస్తే అతన్నీ వదల్లేదు.

"బాబూ, సదువుకున్నోరు మీరు. మాయమ్మగోరు ఏటి దొంగిలించినారో ఓపాలి సూపించండి. సోలెడు బియ్యవైతే కొలిసి సూపిత్తారు. ఇదేటి దొంగతనవండీ, కంటికి అగుపడదు, సేతికి సిక్కదు!"

అతను కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళి కూచున్నాడు. బాలాంబ గారు అందరికంటే ముందు అతనికే వడ్డించింది. నెయ్యి ఎప్పటికంటే ఎక్కువే వేసింది. "చాలా మేష్టారూ? ఇంకొంచెం వెయ్యమంటారా?" అంది. కొత్తగా వచ్చిన పెద్దమనిషిని అడిగినట్టు అడిగింది. అతనికి తిట్టినా బాగుండును అనిపించింది. మజ్జిగ పోసుకోకుండానే లేచి వచ్చేశాడు.

*

బుధవారం నాడు కేసు కోసం బల్బుని కంపెనీకి అప్పగించమని కబురొచ్చింది. వేణుగోపాలరావు లాబరేటరీలో బీరువా సొరుగు లాగాడు. బల్బు మసిగుడ్డలో చుట్టినట్టే ఉంది. గుడ్డ విప్పుతుంటే పోపు వాసన వచ్చింది. ఒక మూల కాలి బెజ్జం పడి ఉంది. ఆవిడ దాన్ని ఎలా అందించిందో గుర్తొచ్చింది. దీంతో పట్టుకో. కాస్త చల్లారాక పట్టికెళ్ళు.

అతని చెయ్యి సొరుగు అంచుమీద అలాగే ఉండిపోయింది.

చల్లారాక.

వేడెక్కినకొద్దీ లోహపు తీగ రెసిస్టెన్సు పెరుగుతుంది. ఆ ముక్క కిందటి సోమవారమే జూనియరు క్లాసులో తనే నల్లబల్ల మీద రాశాడు. రాసి, కింద రెండు గీతలు కూడా గీశాడు. ఆ బల్బు బాలాంబ గారి వంటింట్లో ఒక్కనాడూ చల్లగా లేదు. చల్లబడింది తన చేతుల్లో. తను కొలిచింది వెలగని బల్బుని. దాంతో వెలిగే బల్బు మీద తీర్పు చెప్పాడు.

కాలేజీలో ప్రిన్సిపాలు గారి ఆఫీసు గదిలో మాత్రం కరెంటు దీపం ఉంది. ఆయన క్లాసులో ఉన్నప్పుడు ఆ దీపం విప్పి, బాలాంబ గారి బల్బు బిగించి, తీగలో మీటరు పెట్టి మీట నొక్కాడు. తన లెక్క నిజమైతే ముల్లు రెండు దాటాలి. అది సున్నా దగ్గర ఒక వెంట్రుకవాసి కదిలి ఊరుకుంది. పెద్ద మీటరు తీసి చిన్నది పెట్టాడు. ఇంచుమించు సున్నా పాయింటు ఒకటి ఎనిమిది. గుణించనక్కర్లేకుండానే తెలిసిపోయింది. నలభై వాట్లు. బల్బు మీద అచ్చువేసిన అంకే.

కుర్చీలో కూలబడ్డాడు. పైన బల్బు అమాయకంగా వెలుగుతోంది.

ప్రిన్సిపాలు గారు వచ్చి, అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇంతకీ ఎవరికి తెలుసు?"

"ఇంకా ఎవరికీ తెలియదండీ."

"మంచిది. చూడు రావ్, ఆ కాగితం మీద కాలేజీ సీలుంది. నా సంతకం ఉంది. రేపు పేపర్లో పడితే మద్రాసు దాకా పోతుంది. కంపెనీ వాళ్ళు క్షమిస్తామంటున్నారు కదా? ఆవిడ చేత ఆ కాగితం మీద సంతకం పెట్టించు. నువ్వు చెబితే వింటుంది. గొడవ సద్దుమణుగుతుంది, ఎవరికీ నష్టం లేదు."

"ఆవిడకి నష్టం కదండీ."

"పూటకూళ్ళావిడ. నాలుగు రోజులు పోతే జనమే మర్చిపోతారు." ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. "నీ ఉద్యోగం సంగతి కమిటీ ముందుంది. అది మాత్రం మర్చిపోకు."

వేణుగోపాలరావు మీట నొక్కి దీపం ఆర్పి బల్బు విప్పుకున్నాడు. చెయ్యి మళ్ళీ కాలింది. ఈసారి గుడ్డ కోసం చూడలేదు.

దీపాల వేళకి బాలాంబ గారింటికి వెళ్ళాడు. ఆవిడ వసారాలో కందిపప్పు చేటలో పోసి రాళ్ళు ఏరుతోంది. తలెత్తి చూసి మళ్ళీ దించుకుంది.

"పిన్నీ, లెక్క తప్పింది."

ఆవిడ ఒక రాయి తీసి వాకిట్లోకి విసిరింది. "లెక్క తప్పిందా, మీరు తప్పారా మేష్టారూ?"

అతను ఎదురుగా అరుగు మీద కూచున్నాడు. "నేనే తప్పాను. వేడి మీద కొలవాల్సింది. చల్లార్చి కొలిచాను. నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు."

"నేను చెయ్యలేదని నాకు తెలియదేటి? నాతో చెప్పి ఏం లాభం? ఎవరి ఎదట అన్నారో వాళ్ళ ఎదట చెప్పండి."

చేట కుదుపుతూ మళ్ళీ పప్పులోకి చూసింది. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం అతను చూశాడు. చూసినట్టు తెలియనివ్వకుండా లేచి వెళ్ళిపోయాడు.

*

శుక్రవారం మధ్యాహ్నం మేనేజరు సోమేశ్వరరావు క్షమాపణ కాగితం పట్టుకుని వచ్చేసరికి పంక్తి అంతా నిండి ఉంది. మానేసిన కాలేజీ కుర్రాళ్ళు కూడా వచ్చారు. వేణుగోపాలరావు పొద్దుట కాలేజీలో ప్రతి క్లాసుకీ వెళ్ళి, ఇవాళ బాలాంబ గారింట్లో ప్రయోగం ఉంది, తప్పకుండా రండి అని చెప్పి వచ్చాడు మరి.

వంటింటి గడప మీద పీట వేసి ఉంది. పీటమీద రెండు మీటర్లు. స్నానం చేసి నూతి దగ్గర నిలబడ్డ వేణుగోపాలరావుకి బాలాంబ గారు పట్టుపంచె తెచ్చి అందించింది. అతను కట్టుకుని లోపలికి వెళ్ళి, కంపెనీకి అప్పగించకుండా తెచ్చిన బల్బుని మళ్ళీ దాని చోట బిగించాడు. మీట మూత విప్పి, లోపలి తీగలు మీటరుకి కలిపాడు. ఇంకో మీటరుని బల్బుకి కలిపాడు. ఒంటిమీద చొక్కా లేకుండా, కుంభాల అంచు పట్టుపంచెతో, చెవిమీద తీగముక్క పెట్టుకుని పనిచేస్తున్న మేష్టారిని చూసి కుర్రాళ్ళు ముసిముసిగా నవ్వారు. అతను పట్టించుకోలేదు.

"ఏవిటిది? కాలేజీ రాసిచ్చాక మళ్ళీ పరీక్షేవిటి?" అన్నాడు మేనేజరు.

"తీగ కలిపించండి, చెబుతాను."

మేనేజరు పైడన్నకి సైగ చేశాడు. పైడన్న నిచ్చెనెక్కి వీధిలో తీగ కలిపి, "అయిపోనాదండీ!" అని కేకేశాడు. బల్బు వెలిగింది. మీటర్ల ముళ్ళు లేచి కాసేపు ఊగి నిలబడ్డాయి.

"నేను చదివితే మళ్ళీ తప్పంటారు. జానకీరామయ్య గారూ, మీరు చూసి చెప్పండి. మేనేజరు గారూ, మీరూ వంగి చూడండి. ముల్లుకి ఎదురుగా ఒక కన్నుతో."

ఇద్దరూ గడప ఇవతల వంగారు. జానకీరామయ్య కోర్టులో వాంగ్మూలం చదివే గొంతుతో చదివాడు. "సున్నా పాయింటు ఒకటి ఏడు ఆంపియర్లు. రెండో దాంట్లో... రెండువందల వోల్టులు."

"రెండువందల ఇరవై ఉండాలే!" అన్నాడు వేణుగోపాలరావు. అతనికీ అది కొత్త సంగతే. వంగి చూశాడు. రెండువందలే. మేనేజరు గబుక్కున నిటారుగా నిలబడ్డాడు.

వేణుగోపాలరావు గడప దగ్గరికి వచ్చి పంక్తి కేసి తిరిగాడు.

"అందరూ వినండి. వెలిగే బల్బు రెసిస్టెన్సు ఇంచుమించు పన్నెండువందల ఓములు. నేను వంద అన్నాను. ఎందుకంటే బల్బుని చల్లార్చి కొలిచాను. వెలిగేటప్పుడు తీగ వేడెక్కి అంతకి పన్నెండింతలు అడ్డుపడుతుంది. ఆ సంగతి చదువుకున్నాను, పిల్లలకి చెప్పాను కూడా. కానీ ఇక్కడ మర్చిపోయాను. రెండువందల వోల్టులు, సున్నా పాయింటు ఒకటి ఏడు ఆంపియర్లు. గుణిస్తే ముప్ఫై నాలుగు. బాలాంబ గారి దీపం తినేది ముప్ఫై నాలుగు వాట్లు. ఆవిడ దొంగ కాదు. లెక్క అంటోంది అన్నాను ఆ రోజు. లెక్క ఏమీ అనలేదు. అన్నది నేను."

మేనేజరు చేతిలో కాగితం మడతపెట్టాడు. "మరి కాలేజీ సీలుతో వచ్చిన కాగితం మాటేవిటి?"

"అది తప్పు కాగితం. రాసింది నేను. అదీ రాసిస్తాను, పట్టుకెళ్ళండి."

జానకీరామయ్య ఇంకా మీటరు దగ్గరే వంగి ఉన్నాడు. నెమ్మదిగా నడుం ఎత్తాడు. "నాదొక చిన్న సందేహం మేనేజరు గారూ. ఒడంబడికలో నలభై వాట్లని రాశారు. ఈ ఇంటికి చేరుతున్నది ముప్ఫై నాలుగు. మరి ఆ ఆరు వాట్లూ ఎవరు దొంగిలించినట్టు?"

పంక్తి ఒక్కసారి గొల్లుమంది. కూర్మమ్మ దొడ్డిగుమ్మంలోంచి, "హఉ, అదీ మాట! ఇప్పుడు సెప్పండి బాబూ!" అని అరిచింది. మేనేజరు మొహం కందగడ్డలా అయింది. దూరం లైను, తీగలో కొంత పోతుంది, అదంతా మీకు అర్థం కాదు అంటూ ఏదో గొణిగాడు.

"పోనీండి నాయనా. ఆ ఆరూ మీరే ఉంచుకోండి. అన్నం వేళయింది, తిని వెళ్ళండి" అంది బాలాంబ గారు.

ఆయన తినకుండానే వెళ్ళిపోయాడు. ఆ సందు దీపాలు ఆ తరవాత కూడా మసగ్గానే వెలిగాయి. కారణం ఏమిటని కంపెనీ వాళ్ళెవరూ మళ్ళీ వెతకలేదు.

వేణుగోపాలరావు మీటర్లు విప్పి, మీట మూత బిగించి, తీగలు చుట్టుకున్నాడు. నూతి దగ్గరికి వెళ్ళి పట్టుపంచె విప్పి మడతపెట్టి, వసారా అరుగు మీద పెట్టబోయాడు. ఇక ఈ ఇంట్లో తనకి పని లేదనే అనుకున్నాడు. బజారు అవతల ఇంకో పూటకూళ్ళ ఇల్లు చూసి ఉంచుకున్నాడు కూడా.

"ఒరేయ్, అక్కడ పెడతావేటి? మైలపడిపోదూ? దండెం మీద వెయ్యి" అంది బాలాంబ గారు వంటింట్లోంచి.

అతను దండెం మీద ఆరవేశాడు.

"రేపు పొద్దున్న స్నానం చేసి అది కట్టుకుని రా. తెల్లారాక ఈ దీపం ఆర్పాలి. మళ్ళీ సాయంత్రం వచ్చి వెలిగించాలి. నేను దాన్ని ముట్టుకోను."

"రోజూనా పిన్నీ?"

"మరి? ఒక్కరోజు ఆర్పితే సరిపోతుందనుకున్నావా? నెలన్నరపాటు పగటి దీపం చూసి చూసి నా కళ్ళు పోయాయి. కూచో, విస్తరి వేస్తున్నాను. మజ్జిగ పోసుకోకుండా లేచావంటే ఊరుకోను."

అతను వెళ్ళి పంక్తి చివర తన చోట్లో కూచున్నాడు.

చలి తగ్గి ఎండలు వచ్చేదాకా రోజూ పొద్దున్నే పట్టుపంచె కట్టుకుని ఆ వంటింట్లోకి వెళ్తూనే ఉన్నాడు. తన ఉద్యోగం పొడిగించడం లేదని ప్రిన్సిపాలు గారి ఉత్తరం అందిన మర్నాడు కూడా వెళ్ళాడు. బాలాంబ గారు పొయ్యి మీద అత్తెసరు చూసుకుంటోంది. అతను మీట నొక్కాడు. దీపం ఆరింది. పీట ఎక్కి, వేళ్ళ చివర్లతో బల్బుని ముట్టుకుని చూశాడు. ఇంకా వేడిగానే ఉంది.

"కాల్చుకుంటావు, దిగు" అంది ఆవిడ వెనక్కి తిరక్కుండానే, మసిగుడ్డ అతని వైపు చాపుతూ.